బీరువాకు తాళం వేసినది ఎవరు?

మిడిల్ పాయింట్ అనగానే మన రైల్వే సోదరులకు ఏదో ఒక యార్డులోని పాయింటు స్ఫురించవచ్చు. అది యార్డు కాదు. అక్కడ పట్టాలు లేవు, సిగ్నలు స్తంభం లేదు. ఆ దీవులన్నింటిలో వెదకినా ఒక్క రైల్వే స్టేషను కనిపించదు. అండమాన్ నికోబార్ దీవుల ముఖ్యపట్టణంలో మిడిల్ పాయింట్ ఒక పేట. 2024 సెప్టెంబరు వరకు ఆ పట్టణం పేరు పోర్ట్ బ్లెయిర్. ఇప్పుడు శ్రీ విజయపురం. మానవశాస్త్ర సంగ్రహాలయం చూడవచ్చిన యాత్రికులు ఆ పేటను చూసియే ఉంటారు. విశాఖపట్నం రేవు నుండి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటితే గాని అక్కడికి చేరము.

దూరమైనప్పటికీ ఆ పేట మనకు పరాయిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభా 3,80,581. వారిలో నూటికి పదమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి చేపల వేటకు, రేవు పనులకు, కట్టడాల కూలికి తరలిపోయిన కుటుంబాలు అక్కడ రెండు మూడు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. వారి పిల్లలు వీధిలో హిందీ మాట్లాడుతారు, ఇంట తెలుగు మాట్లాడుతారు, పరీక్షలో ఇంగ్లీషుతో కుస్తీ పడతారు. ఆ పిల్లల చేతికి పుస్తకం అందించే ఒక ఉద్యోగిని గురించి ఈ సంచికలో వ్రాయదలచినాము.

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో బడి గ్రంథాలయం ప్రస్తావన ఎందుకని కొందరు సోదరులు అడుగవచ్చు. పుస్తకాల మీది మక్కువతో మాత్రమే వ్రాయుట లేదు. మూసి ఉన్న ఒక బీరువా వెనుక ఒక ఉద్యోగి పని పరిస్థితులు ఎట్లు దాగి ఉంటాయో చూపించుటకు వ్రాస్తున్నాము. చివరిదాకా చదివినవారికి అందులో తమ గేటు గుమటీ, తమ బ్రాంచి పోస్టాఫీసు కూడ కనిపిస్తాయని మా నమ్మకం.

మిడిల్ పాయింట్‌లో అద్దె ఇంట నివసిస్తూ, ఆ పట్టణంలోనే ఒక మిడిల్ స్కూలులో గ్రంథపాలకురాలిగా పనిచేస్తున్న ఒక సోదరి గత వేసవిలో స్వస్థలానికి వచ్చినప్పుడు మమ్ములను కలుసుకున్నారు. ఆమె తండ్రి శ్రీకాకుళం జిల్లాలో రైలు పట్టాల గ్యాంగులో పనిచేసి రిటైరైన కార్మికుడు. మన సంఘంలో చందా చెల్లించిన సభ్యుడు. ఆమె పేరు గాని, పాఠశాల పేరు గాని ఇక్కడ వ్రాయము. ప్రవర్తనా నియమావళి అంటే ఏమిటో, పత్రికలో పేరు పడితే మరునాడు ఏ కాగితం చేతికి వస్తుందో మనలో తెలియనివారు లేరు.

ఆమె తన దినచర్యను మాకు వివరించారు. ఉదయం గది తలుపు తెరువగానే మొదట చేసే పని వాసన చూచుట. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే దీవులవి. మే నెలలో మొదలైన వాన విడిచి విడిచి డిసెంబరు దాకా పడుతూనే ఉంటుంది. బూజు వాసన వచ్చినదంటే ఏ అరలోనో అట్టలు చెమ్మగిల్లినట్లు లెక్క. ఆ పుస్తకాలను దించి, తుడిచి, గాలి తగిలేటట్లు విచ్చి నిలబెట్టవలెను. చెదలు గోడ వెంట వచ్చినదేమో, పుస్తకపురుగు కుట్టు దారాన్ని కొరికినదేమో చూడవలెను. ఊడిన అట్టలకు మైదా జిగురు కాచి, పురుగు పట్టకుండ చిటికెడు మైలుతుత్తం కలిపి, తానే అతుకు వేస్తారు. ఈ పనులలో ఏ ఒక్కటీ ఆమె నెలవారీ నివేదికలో కనిపించదు. అట్టి గళ్ళు ఆ ఫారంలో లేవు.

ఆ తరువాత వర్గీకరణ. ఈ పని ఎట్టిదో తపాలా సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆర్.ఎం.ఎస్. సార్టరు గూళ్ళ ముందు నిలబడి చేసే పనియే అది. 1972 ఆగస్టు 15న పిన్ కోడు ప్రవేశపెట్టబడిన నాటి నుండి మనము ఆరు అంకెలు చూసి ఉత్తరం ఏ దిక్కుకు పోవునో చెబుతున్నాము. 744 అనగానే అండమాన్ సంచి. 744101 అనగానే ఆ పట్టణపు ప్రధాన తపాలా కార్యాలయం. గ్రంథపాలకులు అట్టి అంకెలనే 1876లో మెల్విల్ డ్యూయీ ప్రకటించిన దశాంశ పద్ధతి నుండి వాడుతున్నారు. ఆ పద్ధతిలో 894.827 అంటే తెలుగు సాహిత్యం. సార్టింగులో తప్పు గూటిలో పడిన ఉత్తరం ఒక వారం ఆలస్యంగానైనా చేరుతుంది. తప్పు అరలో పెట్టిన పుస్తకం మాత్రం, వెదికి తీసే మనిషి లేకపోతే, పోయిన పుస్తకంతో సమానం.

ఇవన్నీ చేతి పనులు. అసలు పని బుద్ధికి సంబంధించినది. ఆరవ తరగతి పిల్లవాడు వచ్చి బల్లకు ఆనుకొని మౌనంగా నిలబడతాడు. వాని తండ్రి పడవ మీద యంత్రం నడిపేవాడని ఆమెకు తెలుసు. బొమ్మలతో ఉన్న ఓడల పుస్తకం వాని ముందు పెడుతుంది. రెండవ వారం వాడు తానే వచ్చి అడుగుతాడు. ఇంట తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం రాని బాలికకు పెద్ద అచ్చు కథల పుస్తకం ఇచ్చి, రోజుకొక పుట తన పక్కన కూర్చోబెట్టుకొని చదివిస్తుంది. పుస్తకాలు ఉన్నది వాడుటకేనని, ప్రతి పాఠకునికీ అతనికి తగిన పుస్తకం దొరకవలెనని 1931లో మన రంగనాథన్ గారు సూత్రీకరించినది ఇట్టి పనినే. ఉపాధ్యాయునికి తరగతిలో నలభై మంది. ఆమెకు బడిలోని పిల్లలందరూ, ఒక్కొక్కరుగా.

అయితే ఆ పని చేయుటకు ఆమెకు వ్యవధి దొరికినప్పుడు కదా! ఏ ఉపాధ్యాయుడు సెలవు పెట్టినా ఆ పీరియడుకు మొదట పంపేది గ్రంథపాలకురాలినే. "లైబ్రరీలో పని ఏముంటుంది?" అన్నది అందరి నోట వచ్చే మాట. జనన తేదీల పట్టిక, ఎన్నికల జాబితా, పాఠ్యపుస్తకాల పంపిణీ, వార్షికోత్సవపు అలంకరణ ఆమె బల్ల మీదికే వస్తాయి. ఆ గంటలన్నీ గ్రంథాలయానికి తాళమే. బయట వరండాలో పిల్లలు తాళం చూసి మరలిపోతారు. "ఒకసారి మరలిన పిల్లవాడు రెండవసారి వస్తాడు, మూడవసారి రాడన్నా" అని ఆమె అన్నప్పుడు మేము బదులు చెప్పలేకపోయినాము.

పనిలోని కష్టం ఇంతవరకు. అంతకంటె లోతైనది భయం. దానిని గురించి వివరంగా వ్రాయవలసి ఉన్నది, ఏలయన అది మనకు చిరపరిచితమైనది.

గ్రంథాలయంలోని ప్రతి పుస్తకం అక్సెషన్ రిజిస్టరులో ఆమె చార్జి మీద ఉంటుంది. 20,000 సంపుటాలకు మించని గ్రంథాలయంలో ఏటేటా పూర్తి లెక్క తీయవలెనని కేంద్ర ప్రభుత్వపు 2017 సాధారణ ఆర్థిక నియమావళి నిర్దేశిస్తున్నది. లెక్కలో పుస్తకం తగ్గినదంటే వివరణ, ఆడిట్ అభ్యంతరం, చివరకు జీతం నుండి రికవరీ. తపాలా శాఖలో "నిర్లక్ష్యం వలన కలిగిన నష్టం" పేరిట ఎందరి జీతాలలో కోతలు పడినవో మన సంఘ కార్యాలయాల దస్త్రాలే చెబుతాయి. ఎవరో చేసిన మోసానికి, ఎక్కడో జరిగిన లోపానికి కౌంటరు వద్ద కూర్చున్నవాని నుండి వసూలు చేయడం మనకు కొత్త కాదు.

అయితే అదే నియమావళిలో మరొక వాక్యం కూడ ఉన్నది. చదువుటకు ఇచ్చిన, లేదా చూచుటకు తీసిన ప్రతి 1,000 సంపుటాలకు ఏడాదిలో ఐదు సంపుటాల నష్టం సహేతుకమేనని, అవినీతి గాని నిర్లక్ష్యం గాని లేనప్పుడు దానిని అంగీకరించవచ్చునని నియమం స్పష్టంగా చెబుతున్నది. వెయ్యి రూపాయలకు మించిన విలువ గల పుస్తకాలు, అరుదైన పుస్తకాలు పోయినప్పుడు మాత్రం విచారణ తప్పనిసరి. అనగా పుస్తకం పిల్లల చేతులలో తిరిగినప్పుడు కొంత అరుగుదల, కొంత నష్టం సహజమని ప్రభుత్వమే ఒప్పుకున్నది. నలభై రూపాయల కథల పుస్తకం ఒకటి వానలో తడిసి చిరిగినందుకో, ఓడ ఎక్కి ఊరు మారిన కుటుంబం వెంట పోయినందుకో ఉద్యోగి వణకవలసిన అగత్యం నియమంలో లేదు.

నియమం పుస్తకంలో ఉన్నది. భయం మనుషులలో ఉన్నది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, అనుభవజ్ఞులైన పెద్దలొకరు హితవు చెప్పారట: "అమ్మాయీ, పుస్తకం ఇస్తే పోతుంది, ఇవ్వకపోతే ఉంటుంది. రిటైరైన నాడు నో డ్యూ సర్టిఫికెట్ కావాలంటే బీరువాకు తాళం వేసి ఉంచు." ఆ పెద్దమనిషిని మేము నిందించము. గ్రాట్యుటీ ఆగిపోయిన ఉద్యోగి ఇంటిని చూసినవారెవరైనా అదే సలహా ఇస్తారు. కాని ఆలోచించండి. పిల్లలకు పుస్తకం ఇచ్చిన ఉద్యోగికి శిక్ష, ఇవ్వని ఉద్యోగికి రక్షణ! ఇట్టి ఏర్పాటులో బీరువాకు తాళం వేసినది ఎవరు? గ్రంథపాలకుని బద్ధకమా, లేక అతని మెడ మీద వ్రేలాడే రికవరీ ఉత్తర్వా?

ఆమె ఆ సలహా పాటించలేదు. పుస్తకాలు ఇచ్చినారు. పోయినవాటిలో కొన్నింటిని తన జీతంతో కొని, అదే నంబరు వేసి, మరల అరలో పెట్టినారు. ఎంత ఖర్చయినదని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

ఇక సెలవు సంగతి. బడికి వేసవి సెలవులు ఉన్నాయి గనుక బడిలో పనిచేసేవారికి విశ్రాంతి ఎక్కువని లోకం అనుకుంటుంది. స్టాకు వెరిఫికేషను జరిగేది ఆ సెలవులలోనే. పిల్లలు లేనప్పుడే పుస్తకాలు దించి లెక్కపెట్టగలరు. సెలవుల శాఖ ఉద్యోగిని సెలవులలో పనికి నిలిపితే, కోల్పోయిన దినాల నిష్పత్తిలో ఆర్జిత సెలవు జమ చేయవలెనని కేంద్ర సెలవు నియమాలలో ఉన్నది. అందుకు పనికి నిలిపినట్లు వ్రాతపూర్వకమైన ఉత్తర్వు కావలెను. నోటి మాటగా "కాస్త చూడండి" అన్నదానికి సెలవు జమ కాదు. మౌఖికపు ఆజ్ఞలతో అదనపు డ్యూటీ చేసి, భత్యం అడిగినప్పుడు "ఉత్తర్వు ఏదీ?" అనిపించుకున్న రైల్వే సోదరులకు ఈ కథ తెలిసినదే.

మూడు సంవత్సరాల క్రితం ఆమె తల్లికి జబ్బు చేసినదని కబురు వచ్చినది. అది వానాకాలం. సెలవు చీటీ పెట్టినారు. గ్రంథాలయం చార్జి ఎవరికి అప్పగిస్తావని ప్రశ్న వచ్చినది. బడిలో ఆ పోస్టు ఒక్కటే. వేలాది పుస్తకాల చార్జి తీసుకొనుటకు ఏ ఉపాధ్యాయుడూ ముందుకు రాలేదు. రికవరీ భయం వారికి మాత్రం ఉండదా? చార్జి అప్పగింత గురించి కాగితాలు ఒక బల్ల నుండి మరొక బల్లకు తిరిగేసరికి నాలుగు దినాలు గడిచినవి. విమానపు టికెట్టు ఆ సమయంలో ఆమె నెల జీతంలో పెద్ద భాగం. ఓడకు టికెట్టు దొరికినా రెండు రాత్రులకు పైగా సముద్రం మీదనే. ఆమె ఊరు చేరునప్పటికి ఇంటి ముందు మంట ఆరిపోయి రెండు రోజులైనది. పట్టాల పక్కన ముప్ఫై ఏండ్లు నిలబడిన తండ్రి గడప వద్ద కూర్చుండి, "రిలీవరు రాలేదా అమ్మా?" అని అడిగినాడట. ఆ మాట ఆమె మాకు చెప్పి కొంతసేపు మాట్లాడలేదు.

సోదరులారా, ఆ వృద్ధ కార్మికుడు ఒక్క మాటలో చెప్పినదానినే మేము ఇన్ని పుటలలో చెప్పబూనినాము. రిలీవరు రానిదే గేటు వదలలేని గేట్‌మన్, ప్రత్యామ్నాయం చూపనిదే సెలవు దొరకని గ్రామీణ డాక్ సేవక్, ఒంటరి స్టేషనులో రాత్రి డ్యూటీ చేసే పాయింట్స్‌మన్, బడికి ఒక్కరుగా ఉండే గ్రంథపాలకురాలు ఒకే జాతివారు. వీరు ఒంటరి ఉద్యోగులు. 1974 మే 8న లక్షలాది రైల్వే కార్మికులు పని నిలిపినప్పుడు దేశం ఆ నిశ్శబ్దాన్ని విన్నది. ఒక బడిలో ఒక గ్రంథాలయం మూతపడితే ఆ నిశ్శబ్దం ఎవరికీ వినిపించదు. సంఖ్యాబలం లేనివారికి సంఘబలం మరింత అవసరం. ఈ విషయం మన పత్రికలో వ్రాయుటకు కారణం ఇదియే.

ఇప్పుడు చట్టాన్ని చూద్దాము. 2009 విద్యాహక్కు చట్టపు షెడ్యూలు ప్రకారం ప్రతి పాఠశాలలో గ్రంథాలయం ఉండవలెను. అందులో వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలు ఉండవలెను. చాల సంతోషం. అదే షెడ్యూలు ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు నూరుమందికి మించి పిల్లలున్న బడిలో చిత్రకళకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్ టైమ్ బోధకులను కూడ పేర్కొన్నది. గ్రంథపాలకుని మాట మాత్రం ఎక్కడా లేదు. గ్రంథాలయం ఉన్నది, గ్రంథపాలకుడు లేడు. ఇంజను ఉండవలెనని వ్రాసి డ్రైవరును మరచిన టైంటేబులు ఎట్టిదో ఈ షెడ్యూలు అట్టిది.

2018లో ప్రారంభమైన సమగ్ర శిక్షా పథకం క్రింద ప్రభుత్వ పాఠశాలలకు స్థాయిని బట్టి ఏటా 5,000 నుండి 20,000 రూపాయల వరకు గ్రంథాలయ గ్రాంటు నిర్ణయించినారు. అది పుస్తకాలు కొనుటకు. కొన్న పుస్తకాన్ని రిజిస్టరులో ఎక్కించి, అంకె వేసి, పిల్లవాని చేతికందించే మనిషిని ఆ గ్రాంటుతో నియమించలేరు. 2020 జాతీయ విద్యావిధాన పత్రం గ్రంథాలయ సిబ్బందికి తగిన ఉద్యోగ సోపానం, శిక్షణ ఉండవలెనని చెప్పినది. విధాన పత్రంలోని మాట నియామక ఉత్తర్వుగా మారితే గాని బీరువా తెరుచుకోదు.

వ్యతిరేక వాదాలు లేకపోలేదు. వాటిని దాటవేయము.

మొదటిది: "ఒక ఉపాధ్యాయునికే అదనపు చార్జి ఇస్తే చాలదా?" మంచి ఉపాధ్యాయులు ఎందరో ఆ భారం సంతోషంగా మోస్తున్నారు, వారికి మా నమస్కారం. కాని రోజుకు ఆరు పీరియడ్లు చెప్పేవాడు గ్రంథాలయం ఎప్పుడు తెరుస్తాడు? సిగ్నలు చూచేవానికే టికెట్లు అమ్మే పని అప్పగించి, ప్రమాదం జరిగినప్పుడు అతనినే సస్పెండు చేసిన రోజులు మనకు గుర్తున్నాయి. అదనపు చార్జి అన్నది పోస్టు రద్దుకు పెట్టిన ముద్దు పేరు.

రెండవది: "ఇప్పుడు ఫోనులో అన్నీ దొరుకుతున్నాయి కదా?" 2020 ఆగస్టు 10న చెన్నై నుండి ఆ దీవులకు సముద్రగర్భపు కేబులు ప్రారంభమైనది. ఇంటర్నెట్ వేగం పెరిగినది, అది మంచిదే. ఆ కేబులు వేసిన కార్మికులను మేము అభినందిస్తాము. కాని పన్నెండేండ్ల పిల్లవాడు ఫోను తెరిచి ఏమి చూస్తున్నాడో మనందరి ఇండ్లలోనూ చూస్తున్నాము. ఏది చదువదగినదో, ఏది అబద్ధమో విడదీసి చూపే మనిషి అవసరం కేబులు వచ్చిన తరువాత పెరిగినదే గాని తగ్గలేదు. పైగా ఫోను తండ్రి వెంట పనికి పోతుంది. పుస్తకం పిల్లవాని సంచిలో ఇంటికి వస్తుంది.

మూడవది: "డబ్బు ఎక్కడిది?" ఈ ప్రశ్న మనకు ప్రతి వేతన సవరణ నాడు వినిపించేదే. కొన్న పుస్తకాలు తాళం వెనుక బూజు పట్టిపోతే ఆ డబ్బు వృథా కాలేదా? చిన్న బడులకు ఒక్కొక్కరు వద్దనుకుంటే దగ్గరలోని రెండు మూడు బడులకు ఒకరిని నియమించవచ్చు. మనసుంటే మార్గం లేకపోదు.

తెలుగువారికి ఈ విషయంలో గర్వించదగిన వారసత్వం ఉన్నది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా పెదపాలెం ప్రాంతంలో కాలువపై గ్రంథాలయపు పడవ నడిపించి, రేవు రేవునా పుస్తకాలు పంచినారు. పుస్తకం కొరకు పాఠకుడు రాలేనప్పుడు పాఠకుని వద్దకే పుస్తకం పోవలెనని ఆనాటివారు తెలుసుకున్నారు. ఆ పడవలోనూ ఒక మనిషి ఉన్నాడని మరువరాదు. మనిషి లేని పడవ కాలువ దాటదు.

అండమాన్‌కు కూడ తనదైన చరిత్ర ఉన్నది. మిడిల్ పాయింట్‌కు ఎంతో దూరం లేని అట్లాంటా పాయింట్ మీద, 1906లో నిర్మాణం పూర్తయిన సెల్యులర్ జైలు నిలిచి ఉన్నది. 1933 మే నెలలో ఆ జైలులోని రాజకీయ ఖైదీలు నిరాహార దీక్ష పూనినారు. వారు అడిగినవి ఏవి? తినదగిన కూడు, సబ్బు, పడక, రాత్రి చదువుకొనుటకు దీపం, పుస్తకాలు, పత్రికలు. బలవంతంగా ఆహారం ఎక్కించే ప్రయత్నంలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు కోల్పోయినారు. దీక్ష 46 దినాలు సాగిన పిమ్మట ఖైదీలకు దీపాలు వచ్చినవి, పుస్తకాలు వచ్చినవి; ఆ చీకటి కొట్లు చదువు కేంద్రాలైనవి. ఏ గడ్డ మీద పుస్తకం కొరకు మనుషులు ప్రాణాలిచ్చినారో ఆ గడ్డ మీది పిల్లవాడు నేడు తాళం వేసిన బీరువా అద్దంలో నుండి పుస్తకాల వెన్నులు చూసి మరలిపోవడం న్యాయమా?

ఆ సోదరి మరి రెండు సంవత్సరాలలో రిటైరు కానున్నారు. ఆమె స్థానంలో మరొకరు వస్తారో రారో ఆమెకు తెలియదు. ఖాళీగా ఉంచిన పోస్టు కొంతకాలానికి రద్దయినట్లు భావింపబడే నియమం ఎట్లు పనిచేస్తుందో మన శాఖలలో కళ్ళారా చూసినాము. మొదట "త్వరలో భర్తీ", తరువాత "పరిశీలనలో ఉన్నది", ఆపై "అట్టి పోస్టు మంజూరులో లేదు". ఇది ఒక్క బడి సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా, తెలంగాణలోనైనా మీ పిల్లవాడు చదివే బడికి వెళ్ళి గ్రంథాలయం తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నదో అడిగి చూడండి.

కనుక ఈ క్రింది కోర్కెలను సోదర సంఘాల ముందు, ప్రభుత్వాల ముందు ఉంచుతున్నాము.

ఒకటి: విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో గ్రంథాలయంతో పాటు గ్రంథపాలకుని పోస్టును చేర్చవలెను. ఆరు నుండి ఎనిమిది తరగతులు గల బడులకు, ఒంటిగా గాని సమీప బడులకు ఉమ్మడిగా గాని, శిక్షణ పొందిన గ్రంథపాలకుని నియమించవలెను.

రెండు: ఉన్న ఖాళీలను రద్దుకు వదలక భర్తీ చేయవలెను. ఒప్పందంపై పనిచేసేవారిని క్రమబద్ధీకరించి, పదోన్నతి మార్గం చూపవలెను.

మూడు: వెయ్యికి ఐదు సంపుటాల సహేతుక నష్టపు నియమాన్ని ప్రతి బడికి, ప్రతి ఆడిట్ బృందానికి తెలిసేటట్లు ఉత్తర్వు ఇవ్వవలెను. నిర్లక్ష్యం విచారణలో రుజువు కానిదే జీతంపై చేయి వేయరాదు.

నాలుగు: స్టాకు లెక్కకు వేసవిలో నిలిపినప్పుడు వ్రాతపూర్వక ఉత్తర్వు, దానికి తగిన ఆర్జిత సెలవు ఇవ్వవలెను. ఒంటరి ఉద్యోగి అత్యవసర సెలవు కోరినప్పుడు గదికి సీలు వేసి ఆ రోజే విడుదల చేసే పద్ధతి ఏర్పరచవలెను.

కోర్కెలు ప్రభుత్వానికి, కర్తవ్యం మనకు. మనమేమి చేయగలము?

బడి యాజమాన్య సంఘంలో నూటికి డెబ్బది ఐదుగురు తల్లిదండ్రులే ఉండవలెనని విద్యాహక్కు చట్టం 21వ సెక్షను చెబుతున్నది. మన సభ్యులలో బడి పిల్లల తల్లిదండ్రులు వేలాదిగా ఉన్నారు. ఆ సమావేశానికి వెళ్ళి గ్రంథాలయం వారంలో ఎన్ని గంటలు తెరిచి ఉంటున్నదో మినిట్సులో వ్రాయించండి. వ్రాసిన మాటకు విలువ ఎంతో మనకంటె తెలిసినవారు ఎవరు?

తపాలా సోదరులకు ప్రత్యేకమైన మాట. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ ముద్రిత పుస్తకాల సౌకర్యం ఎత్తివేయబడినప్పుడు చిన్న ప్రచురణకర్తలు, దూరప్రాంత పాఠకులు ఎంత ఇబ్బంది పడినారో కౌంటరు వద్ద మీరే చూసినారు. 2025 మే 1 నుండి జ్ఞాన్ పోస్టు వచ్చినది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు గరిష్ఠంగా 100 రూపాయలు, పన్నులు అదనం అన్న రేట్లతో అది ప్రారంభమైనది. విద్యాసంబంధమైన పుస్తకాలకు ఇట్టి సౌకర్యం ఉన్నదని కౌంటరుకు వచ్చినవారికి చెప్పండి. పార్సెలుగా కట్టమని పంపివేయకండి. 1,200 కిలోమీటర్ల సముద్రానికి ఆవల ఒక తెలుగు కథల పుస్తకం కొరకు ఎదురుచూచే పిల్లకు మీ ఒక్క మాట ఎంత మేలు చేయగలదో ఊహించండి.

రైల్వే సోదరులకు మరొకటి. మన రైల్వే ఇన్‌స్టిట్యూట్లలోని గ్రంథాలయాలు ఏ స్థితిలో ఉన్నవో ఒకమారు పరికించండి. క్యారమ్ బల్ల వెనుక, దుమ్ము పట్టిన బీరువాలో మన తండ్రులు చదివిన పుస్తకాలు ఉండవచ్చు. ఇతరుల బడి గురించి మాట్లాడే హక్కు మన ఇంటి తాళం మనము తీసినప్పుడే వస్తుంది.

మా వద్ద సెలవు తీసుకొనునప్పుడు ఆ సోదరి సంచిలో చిన్న కట్ట ఉన్నది. శ్రీకాకుళం అంగడిలో తన డబ్బుతో కొన్న పదకొండు బాలల పుస్తకాలు. వాటిని అక్సెషన్ రిజిస్టరులో ఎక్కిస్తారా అని అడిగినాము. "ఎక్కిస్తాను. ఎక్కించకపోతే నేను వెళ్ళిన తరువాత అవి ఎవరివీ కావు" అన్నారు. ఆమె వెళ్ళిన తరువాత ఆ రిజిస్టరులో పన్నెండవ పుస్తకం ఎక్కించుటకు ఒక చేయి ఉండునట్లు చూచే బాధ్యత సంఘటిత కార్మికవర్గానిది. ఆ బాధ్యతను స్వీకరించవలెనని శాఖలన్నింటికీ విజ్ఞప్తి చేస్తున్నాము.